కొలతలు ప్రజల సొత్తు

స్పోర్ట్స్ కారు ఇంజనులోని కనెక్టింగ్ రాడ్డు కొలతలు ఎక్కడ దొరకునన్న ప్రశ్న, వరిచేల నడుమ కాలువగట్ల వెంట బ్రదుకు సాగించు రామచంద్రపుర ప్రాంతమువారికి ఏమాత్రమును సంబంధింపని ధనికుల వినోదమని మొదటి చూపునకు తోచవచ్చును. కాని ఆ ప్రశ్నను కొంత దూరము వెంబడించి పోయినచో, అది తరతరములుగా మన పెండ్లివారిని, రోగులను, అధికారులను, ఎన్నికల అభ్యర్థులను మోసిన అంబాసడరు కారు బోనెట్టు క్రిందికి చేరును. అచ్చటినుండి ఇంకొక అడుగు వేసినచో, కోతల కాలమున మన చేలలో తిరుగు వరికోత యంత్రము నొద్దకును, అది ఆగిపోయిన దినమున పట్టణములోని లేతు షెడ్డు వాకిట దిగాలుగా నిలిచిన రైతు నొద్దకును చేరును. ఒక యంత్రభాగము కొలత ఎవరి సొత్తు? చేసినవానిదా, కొన్నవానిదా, బాగుచేయువానిదా? అమ్ముడుపోయిన యంత్రము కొలతలు ప్రజలందరి సొత్తనియు, వానిని దాచుట తగదనియు, మన చేతిలోనికి వచ్చిన కొలతలను మనమే తెలుగులో వ్రాసి పెట్టుకొనకుండుట అంతకంటెను తగదనియు నా దృఢమైన అభిప్రాయము.

కనెక్టింగ్ రాడ్డు, పిస్టను క్రిందుమీదుల నడకను క్రాంకు భ్రమణముగా మార్చు ఉక్కు భాగము. దాని పై కొసనుండు చిన్న కన్నములో పిస్టనును పట్టి యుంచు గడ్జన్ పిన్ను ఇమిడియుండును. క్రింది కొసనుండు పెద్ద కన్నము రెండు సగములుగా విడివడి, నడుమ బేరింగును ధరించి, క్రాంకు పిన్నును చుట్టి పట్టుకొనియుండును. ఆ రెండు కన్నముల కేంద్రముల మధ్య దూరము, వాని వ్యాసములు, వాని వెడల్పులు, పెద్ద కన్నపు మూతను బిగించు బోల్టుల పరిమాణము, రాడ్డు మొత్తపు బరువు, ఇన్నియు తెలిసిననే గాని ఆ రాడ్డు ఏ ఇంజనునకు చెందినదో నిశ్చయించుటకును, దానికి తగిన పిస్టనును ఎన్నుకొనుటకును వీలుకాదు. స్ట్రోకులో సగము, రాడ్డు పొడవు, పిన్ను కేంద్రమునుండి పిస్టను తలవరకుగల ఎత్తు, ఈ మూడును కూడిన మొత్తమే పిస్టను సిలిండరు బ్లాకులో ఎంతవరకు ఎగబ్రాకునో తేల్చును. ఆ మొత్తము హెచ్చినచో పిస్టను పోయి హెడ్డును తాకును, తగ్గినచో ఇంజను కంప్రెషను పడిపోయి బలహీనమగును.

1955లో ఇంగ్లండులోని ఎం.జి. సంస్థ, తన అబింగ్డన్ కర్మాగారమునుండి, ఎం.జి.ఏ. అను రెండు సీట్ల స్పోర్ట్స్ కారును వెలువరించెను. దానిలో నమర్చినది బి.ఎం.సి. వారి 'బి సిరీస్' ఇంజను: నాలుగు సిలిండర్లు, 73.025 మిల్లీమీటర్ల బోరు, 88.9 మిల్లీమీటర్ల స్ట్రోకు, మొత్తము 1489 సి.సి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు రూపమును గ్రహించి 1957లో వంగదేశములోని ఉత్తరపారాయందు హిందుస్థాన్ మోటార్సువారు ప్రారంభించిన అంబాసడరు, తొలుత పాతకాలపు సైడు వాల్వు ఇంజనుతో నడిచినదైనను, కొలది యేండ్లలోనే ఈ 1489 సి.సి. ఇంజనునే స్వీకరించెను. ఎం.జి.ఏ.లో రెండు కార్బురేటర్లు, నిమిషమునకు 5500 చుట్లవద్ద 72 అశ్వశక్తి. అంబాసడరులో ఒకే కార్బురేటరు, సుమారు 50 అశ్వశక్తి. వేగములు వేరు, విలాసములు వేరు. కాని బోరు ఒక్కటే, స్ట్రోకు ఒక్కటే, రాడ్డు కేంద్రముల నడిమి దూరమును ఒక్కటే: ఆరున్నర అంగుళములు, అనగా 165.1 మిల్లీమీటర్లు. ఆ తరువాత ఎం.జి. వారు 1959లో 1588, 1961లో 1622, 1962లో ఎం.జి.బి. కారుకై 1798 సి.సి.లకు ఇంజనును పెంచినపుడు పెరిగినది బోరేగాని స్ట్రోకు గాని రాడ్డు పొడవు గాని మారలేదు. కావున నేడు ఏ దూరదేశములోనో పాత ఎం.జి. కారును ముద్దుగా కాపాడుకొనుచున్న యజమాని వెదకు ఆ అంకె, రామచంద్రపురములో అంబాసడరు ఇంజనును విప్పి బిగించిన ప్రతి వృద్ధ మెకానిక్కు చేతులమీదుగా అనేక పర్యాయములు పోయినదే.

ఐనను వంశమొక్కటే గదాయని రాడ్లను చూపుమేరకు కలిపివేయుట ప్రమాదము. ఎం.జి.ఏ.లో పెద్ద కన్నపు మూత ఏటవాలుగా కోయబడియుండును, గడ్జన్ పిన్ను ఒక చిన్న బోల్టుతో బిగింపబడియుండును. ఎం.జి.బి.లో 1964లో అయిదు బేరింగుల క్రాంకు వచ్చినప్పుడు పిన్ను బుష్షులో స్వేచ్ఛగా తిరుగునట్లు మార్చిరి. ఇంకను తరువాతి యింజనులలో మూతను అడ్డముగా సమముగా కోసి, పిన్నును చిన్న కన్నములో గట్టిగా నొక్కి కూర్చిరి. పొడవు మాత్రము ఆరున్నర అంగుళములే. పొడవు సరిపోయినదని సంతసించి, పిన్ను వ్యాసమును చూడక, మూత కోతను చూడక, బరువును తూచక రాడ్డును కొనితెచ్చినవాడు డబ్బును వృథా చేసికొనుటయే గాక ఇంజనును సైతము బలియిచ్చును. ఈ కారణముచేతనే ఒక్క అంకె చాలదు. కొలతల పట్టిక యావత్తును కావలెను, అది ఏ సంవత్సరపు ఏ ఇంజనునకు చెందినదో ఆ పట్టికలో స్పష్టముగా వ్రాసి యుండవలెను.

కొలతలో ఇంత నిక్కచ్చి ఏలయని అడుగువారుందురు. ఆ ఇంజను నిమిషమునకు 5500 చుట్లు తిరుగునపుడు, పిస్టను అంతలో 11,000 పర్యాయములు ఆగి వెనుకకు మరలును. పైకి పోయి మరలు ఆ క్షణమున దానిపై కలుగు త్వరణము భూమ్యాకర్షణకు దాదాపు 1900 రెట్లు. పిస్టను, దాని పిన్ను కలిసి అర కిలో తూగుననుకొన్నచో, ఆ అర కిలో ఆ క్షణమున దాదాపు 950 కిలోల బరువుతో రాడ్డును పట్టి లాగును. అంబాసడరు వేగమైన 4200 చుట్లవద్ద సైతము ఈ బలము 550 కిలోలకు తగ్గదు. ఇంతటి బలము నిమిషమునకు వేల పర్యాయములు రెండు సన్నని బోల్టులమీదను, ఒక పలుచని బేరింగు పొరమీదను పడుచుండును. ఆ యింజను క్రాంకు పిన్ను వ్యాసము 1.8759 అంగుళములకును 1.8764 అంగుళములకును నడుమ నుండవలెనని నిర్మాతలు విధించిరి. ఆ రెండంకెల అంతరము అంగుళములో వేయింట అర వంతు, అనగా తలవెండ్రుక మందములో అయిదవ వంతునకు మించదు. క్రాంకును సాన పట్టినపుడెల్ల వేయింట పది, ఇరువది, ముప్పది, నలుబది వంతుల చొప్పున తగ్గించి, దానికి తగిన అండర్‌సైజు బేరింగును వేయుదురు. అంచనాతో బిగించిన రాడ్డు మొదట చప్పుడు చేయును, పిమ్మట వేడెక్కును, తుదకు విరిగి సిలిండరు బ్లాకును చీల్చుకొని బయటికి వచ్చును.

రామచంద్రపురములోని ఒక లేతు షెడ్డులో ఈ కొలత తీయు విధానమును నేను దగ్గర కూర్చుండి చూచితిని. కిరసనాయిలులో కడిగి గుడ్డతో తుడిచిన రాడ్డును బల్లమీద నుంచి, దానిమీదను మూతమీదను కొట్టియున్న అంకె ఒక్కటే యగునా కాదా యని అచ్చటి పెద్దాయన మొదట వ్రేలితో తడవి చూచెను. ఒక రాడ్డు మూత వేరొక రాడ్డుకు పెట్టరాదు. రెంటిని జతగా బిగించియే ఆ కన్నమును తొలిచియుందురు. పనికుఱ్ఱవాడు తొందరపడి మూత లేకయే వెర్నియరును చేతబట్టగా, ఆయన వారించి, "ఒరేయ్, మూత బిగించకుండా కొలిస్తే ఆ కొలత నీదిరా, రాడ్డుది కాదు" అనెను. బోల్టులను టార్కు స్పానరుతో 35 పౌండు-అడుగులకు బిగించిన తరువాత, పెద్ద కన్నమును నిలువుగా నొకమారు, అడ్డముగా నొకమారు, ఏటవాలుగా నొకమారు కొలిచిరి. మూడును ఒక్కటైననే ఆ కన్నము గుండ్రముగా నున్నట్లు లెక్క. ఇక కేంద్రముల నడిమి దూరము. కేంద్రమనునది కన్నములోని శూన్యమున నుండును గాన, దానిమీద ఏ స్కేలును ఆనించుటకు వీలులేదు. రెండు కన్నముల దగ్గరి అంచుల నడిమి దూరమును మొదట కొలిచి, పిమ్మట దూరపు అంచుల నడిమి దూరమును కొలిచి, రెంటిని కూడి సగము చేసినచో కేంద్రదూరము వచ్చును. దగ్గరి కొలతలో తగ్గిన వ్యాసార్ధములు దూరపు కొలతలో అంతే హెచ్చును గాన ఆ రెండును చెల్లుకు చెల్లగును. ఆ గణితమును ఆయన బడిలో నేర్చినది కాదు, బల్లయొద్ద నేర్చినది. "కొలవకుండా బిగిస్తే బండి మళ్లీ ఇక్కడికే వస్తాదండీ" యని నాతో నవ్వుచు చెప్పి, వచ్చిన అంకెలను సుద్దముక్కతో షెడ్డు ఇనుప తలుపుమీద వ్రాసెను.

మరునాటికి ఆ అంకెలు చెరిగిపోవును. నా ఆవేదనకు మూలము ఇదియే. మన పట్టణములలో నిత్యమును ఇంతటి శ్రద్ధతో తీయు కొలతలు తలుపుల మీదను, సిగరెట్టు పెట్టెల వెనుకను, వృద్ధుల జ్ఞాపకములలోను నిలిచి, వారితో కూడ అంతరించుచున్నవి. ఎం.జి. సంగతి చూడుడు. అబింగ్డన్ కర్మాగారము 1980లోనే మూతపడెను. కాని ఆ కారుల వర్క్‌షాపు పుస్తకములలో ప్రతి కొలతయు, దాని కనిష్ఠ గరిష్ఠ పరిమితులతో సహా, అంగుళములలోను మిల్లీమీటర్లలోను ముద్రింపబడి అందరికిని లభించుచున్నది. 1975లో ఏర్పడిన బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ, కర్మాగారము మూతపడిన యెనిమిదేండ్లకు, అనగా 1988లో, పాత అచ్చులనే సేకరించి ఎం.జి.బి. కారు బాడీలను మరల తయారుచేయ నారంభించెను. చచ్చిన కర్మాగారపు కారులు వ్రాసిపెట్టిన కొలతల బలముచే బ్రదికి తిరుగుచున్నవి. మన అంబాసడరు ఉత్పత్తి 2014 మే నెలలో ఆగిపోయెను. 2017లో ఆ పేరును ఫ్రాన్సు దేశపు ప్యూజో సంస్థకు 80 కోట్ల రూపాయలకు విక్రయించిరి. పేరునకు వెల కట్టుట వ్యాపారధర్మమే, దానిని తప్పుపట్టను. కాని ఉత్పత్తి ఆగిన దినముననే ఆ యంత్రము కొలతల పట్టికలను, ప్రతి భాగపు పరిమితులతో సహా, ప్రభుత్వ గ్రంథాలయములకును సాంకేతిక కళాశాలలకును అప్పగింపవలెనన్న నియమము మన దేశములో నుండి తీరవలెను.

ఇది పాత కారుల మక్కువతో చెప్పుచున్న మాట కాదు. గోదావరి డెల్టాలో వరికోతలు తుపానుల కాలముతో పోటీపడుచు సాగును. కోసిన పన చేనిలో నుండగా వాన కురిసినచో గింజ మొలకెత్తును, రంగు మారును, మిల్లువారు ధర తగ్గింతురు. అట్టి దినమున కోతయంత్రము ఇంజనులో రాడ్డు బేరింగు పోయినచో, విడిభాగము దూరపు పట్టణమునుండి వచ్చుటకు పట్టు ప్రతి దినమును రైతు గుండెలమీది కుంపటియే. కొలత తెలిసియున్నచో, మన లేతు షెడ్డువాడు ఆ పరిమాణముగల బేరింగును రాజమహేంద్రవరములోనో కాకినాడలోనో విచారించి తెప్పించి రేయింబవళ్లు పనిచేసి యంత్రమును చేనికి పంపగలడు. తెలియకున్నచో విప్పి చూచువరకు నోరు విప్పలేడు. కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022 జూలైలో 'మరమ్మత్తు హక్కు'పై ఒక సంఘమును నియమించి, వ్యవసాయ పరికరములు, మొబైల్ ఫోనులు, గృహోపకరణములు, మోటారు వాహనములు అను నాలుగు రంగములను మొదట చేపట్టుట మిక్కిలి కొనియాడదగిన పని. కాని కొలతలు ప్రకటింపని మరమ్మత్తు హక్కు కాగితముమీది హక్కుగానే మిగులును. సేవాకేంద్రపు చిరునామా ఇచ్చినంతమాత్రాన హక్కు సిద్ధింపదు. ఆ సేవాకేంద్రము లేని యూరిలో సైతము నేర్పరియైనవాడు యంత్రమును విప్పి, సరిచూచి, బిగింపగలుగుటయే హక్కు.

కొలతలు వెల్లడించినచో నకిలీ భాగములు పెరిగి ప్రమాదములు కలుగునని నిర్మాతలు చెప్పుదురు. ఈ వాదములో కొంత న్యాయము లేకపోలేదు. రాడ్డు బలము కొలతలోనే లేదు. ఉక్కు జాతిలోను, దానిని కాల్చి సుత్తిక్రింద సాగగొట్టిన రీతిలోను, పిమ్మట చేసిన ఉష్ణచికిత్సలోను ఉన్నది. ఇనుప కడ్డీని లేతుమీద చెక్కి ఆరున్నర అంగుళముల రాడ్డును చేసినచో అది కొలతకు సరిపోవును గాని బలమునకు సరిపోదు; అట్టి పనిని ఏ మంచి మెకానిక్కును చేయడు, ఏ యజమానియు చేయింపరాదు. కాని ఉక్కు రహస్యమును, తయారీ రహస్యమును నిర్మాత తనయొద్దనే ఉంచుకొనవచ్చును, వానిని ఎవరును కోరుట లేదు. పరిమాణము రహస్యమే కాదు. కొన్నవాడు మైక్రోమీటరుతో కొలిచిన క్షణమున అది బయటపడును. నకిలీ సరుకునకు నిజమైన ఆశ్రయము అజ్ఞానము. పట్టిక చేతనున్న మెకానిక్కు కొట్టుబల్లమీదనే వెర్నియరు తీసి, వేయింట రెండు వంతులు తేడాయున్న బేరింగును వెనుకకు నెట్టివేయును. పట్టిక లేనివాడు డబ్బామీది పేరును నమ్మి మోసపోవును. విద్యుత్తు వాహనములు వచ్చుచున్నవి గాన ఈ తాపత్రయమేలయని అనువారికి కూడ ఒక్క మాట: చేలలోని ట్రాక్టర్లు, కాలువలమీది పంపు ఇంజనులు ఒక్క రాత్రిలో మాయము కావు, విద్యుత్తు మోటారునకును బేరింగులు, ఇరుసులు, వాని కొలతలు ఉండకపోవు.

గోదావరి డెల్టా కొలతను గౌరవించి బాగుపడిన నేల. 1847లో ప్రారంభించి 1852లో ముగించిన ధవళేశ్వరపు ఆనకట్ట క్రింద, కాటను దొరయు ఆయన అనుచరులును నేల వాలును తీసి, అంగుళమంగుళమును లెక్కించి కాలువలను త్రవ్వించి, ఆ లెక్కలను వ్రాసియుంచుటచేతనే తరువాతివారు వానిని పూడికలు తీయుచు, లాకులు మార్చుచు, నేటివరకు నిలుపుకొనగలిగిరి. శాస్త్రవిషయములను తెలుగులో చెప్పుటకు 1906లోనే విజ్ఞాన చంద్రికా మండలి పూనుకొనెను. ఆ రెండు సంప్రదాయములును మనవే. వానిని కలిపి యంత్రముల కొలతల పుస్తకమును తెలుగులో సిద్ధము చేయుట మనకు శక్తికి మించిన పని కాదు. 1946లో విశాఖపట్టణమున పుట్టి కాకినాడకు వచ్చిన ఇంజినీరింగు కళాశాలయు, మన జిల్లాల పాలిటెక్నిక్కులు, ఐ.టి.ఐ.లు, చివరి సంవత్సరపు విద్యార్థులను ఊరూర లేతు షెడ్లకు పంపి, ఈ ప్రాంతమున నడచుచున్న ఇంజనుల రాడ్లు, క్రాంకులు, పిస్టనుల కొలతలను తీయించి, ఏ సాధనముతో కొలిచినదియు, భాగము క్రొత్తదో అరిగినదో, అంగుళములలో ఎంతయో మిల్లీమీటర్లలో ఎంతయో పేర్కొని అచ్చువేయవచ్చును. దానికి బదులుగా షెడ్లవారి మైక్రోమీటర్లను ఏటికొక పర్యాయము కళాశాల ప్రయోగశాలలో సరిచూచి ఇయ్యవచ్చును. విద్యార్థికి పని వచ్చును, పనివానికి ప్రమాణము దొరకును.

ప్రభుత్వమునకు చేయు మనవి ఒక్కటే: మరమ్మత్తు హక్కును చట్టముగా తీర్చునపుడు, ప్రతి యంత్రపు ముఖ్యభాగముల కొలతలును, వాని అరుగుదల పరిమితులును అమ్మకముతోపాటే ప్రకటింపవలెననియు, ఉత్పత్తి నిలిపినపుడు పూర్తి పట్టికలను ప్రజలకు అప్పగింపవలెననియు అందు చేర్పవలెను. లేతు షెడ్లవారికి మనవి: సుద్దముక్కను విడిచి నోటుపుస్తకమును పట్టుడు, తేదీ, బండి, భాగము, కొలత వ్రాయుడు, పనికుఱ్ఱవానిచేతనే వ్రాయింపుడు. ఇక చదువరులారా, మీరు కారు గాని ట్రాక్టరు గాని పంపు ఇంజను గాని విప్పించినపుడు, డబ్బు చెల్లించుటకు ముందు, బిల్లుతోపాటు విప్పిన భాగముల కొలతలు వ్రాసిన కాగితమును కూడ అడిగి పుచ్చుకొని, ఆ బండి పత్రములతో కలిపి భద్రపరచుడు. చట్టము వచ్చువరకు వేచియుండనక్కరలేని పని ఇది. రేపటి మరమ్మత్తునుండియే మొదలుపెట్టవచ్చును.